పాత జీపుకి పవర్ స్టీరింగ్ వేయిస్తున్నారా? ముందు ఆ వణుకు సంగతి తేల్చండి

పాత విల్లీస్, మహీంద్రా జీపులకి పవర్ స్టీరింగ్ వేయిద్దాం అనుకునేవాళ్ళు మామూలుగా రెండు బాధలు చెప్తారు. ఒకటి, బండి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు ఊడిపోతున్నాయి అని. రెండు, 50 దాటాక ఎక్కడైనా గతుకు తగిలితే చాలు స్టీరింగ్ చేతుల్లో గిలగిలా కొట్టుకుంటోంది, స్పీడు బాగా తగ్గిస్తే గానీ ఆగట్లేదు అని. మొదటిదానికి పవర్ స్టీరింగే మందు, డౌట్ లేదు. రెండోదానికి మాత్రం కానే కాదు. షెడ్డులో ఎవరైనా "పవర్ వేస్తే వాబ్లింగ్ (ఈ వణుకు) పోతుంది సార్" అంటే నమ్మకండి. పవర్ బాక్సులో (స్టీరింగ్ తిప్పుడుని చక్రాల వైపు అందించే గేర్ల పెట్టెలో) ఉండే ఆయిల్ ఆ దెబ్బని కొంచెం మింగుతుంది కాబట్టి చేతికి తక్కువ తెలుస్తుంది, అంతే. కింద టై రాడ్ (ముందు చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ) ఎండ్లు, కింగ్ పిన్ (చక్రం ఎడమా కుడీ తిరిగే ఇరుసు) బేరింగులు, బాక్సు బోల్టులు మాత్రం ఇదివరకటికంటే ఎక్కువ దెబ్బలు తింటాయి, ఎందుకంటే ఇప్పుడు వాటిని తోసేది మీ చేతి బలం కాదు, పంపు ప్రెషర్.

అందుకే వరుస ఇది: ముందు యాక్సిల్, చక్రాల పని అంతా పూర్తి చేయాలి, పాత స్టీరింగ్‌తోనే బండి తిన్నగా పోవాలి, ఆ తర్వాతే కొత్త బాక్సు ముట్టుకోవాలి. వరుస తిరగేస్తే వణుకు పాత సామానుదా కొత్త పనిదా అనేది ఎవడూ చెప్పలేడు, మెకానిక్ వెల్డింగ్ వాడి మీద, వెల్డింగ్ వాడు టైర్ షాపు మీద తోసేస్తారు.

ఇది జీపుల గురించి, అంటే ముందు కూడా కమాన్ కట్టలు, ఒకటే గట్టి యాక్సిల్ ఉన్న బళ్ళ గురించి. అంబాసిడర్ సంగతి వేరు, దానికి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, కాబట్టి బాక్సు, డ్రాప్ ఆర్మ్ (బాక్సు నుంచి కిందికి వేలాడే చేయి) గురించి చెప్పేవి దానికి వర్తించవు. టైర్లు, బేరింగుల మాటలు మాత్రం ఏ పాత బండికైనా ఒకటే.

ముందు ఏ రకం వణుకో చూసుకోండి

ఒక స్పీడు దగ్గర, అంటే 70–80 మధ్య మొదలై ఆ స్పీడు దాటాక తగ్గిపోతే అది చాలావరకు వీల్ బ్యాలెన్సింగో, రిమ్ము వంకరో. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే అదిరితే డ్రమ్ము గుండ్రంగా లేదు, లేతు మీద పెట్టించాలి. బండి ఆగి ఉండి ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు స్టీరింగ్ జుయ్‌మంటుంటే ఇంజన్ మౌంటింగో, కాలమ్ పైన ఉండే బుష్షో కారణం. గతుకు తగలగానే మొదలై, గతుకు దాటినా ఆగకుండా ముందు చక్రాలు రెండూ ఎడమా కుడీ ఊగిపోతూ బండి మొత్తాన్ని కుదిపేసేదే అసలు షిమ్మీ. ఆసుపత్రిలో స్ట్రెచర్ తోస్తుంటే ఒక చక్రం పిచ్చెక్కినట్టు టకటకా కొట్టుకుంటుంది చూడండి, సరిగ్గా అదే. దీనికి ఒకటే కారణం ఉండటం అరుదు, నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం ప్లే (వదులు) ఉండి, క్యాస్టర్ (చక్రాన్ని తిన్నగా తెచ్చే వాలు, కింద చెప్తాను) సరిగ్గా లేక, టైర్ మొదలుపెడితే మిగతావన్నీ దానికి వంత పాడతాయి.

టెస్ట్ డ్రైవ్‌లో ఇది మొదలైతే గట్టిగా ఎదురు తిప్పొద్దు. స్టీరింగ్ పట్టుకుని ఉంచండి, యాక్సిలరేటర్ వదిలేయండి, మెల్లగా బ్రేకు వేయండి. బొటనవేళ్ళు స్టీరింగ్ కమ్మీల లోపలికి పెట్టకండి, రింగు పైనే ఉంచండి, ఎదురు దెబ్బ కొడితే వేలు విరుగుతుంది. పాత జీపు డ్రైవర్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ మారుతి కార్లు నడిపి జీపు కొనుక్కున్న కుర్రాళ్ళకి చెప్పాలి.

టైర్ల నుంచి మొదలు

ఖర్చు తక్కువ పని కాబట్టి ఇక్కడ మొదలుపెట్టమంటాను. ఒరిజినల్‌గా 6.00-16 సన్న టైర్లతో వచ్చిన బండికి ఇప్పుడు అందరూ వెడల్పాటి టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేస్తున్నారు, చూడ్డానికి బాగుంటుంది, కాకపోతే చక్రం ఎంత బయటికి పోతే రోడ్డు దెబ్బ స్టీరింగ్ మీద అంత ఎక్కువ బలంతో పడుతుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పక్కన ఒక ఇటుక పెట్టి, దాని మీద స్క్రూడ్రైవర్ మొనని రిమ్ము అంచుకి దగ్గరగా ఆనించి చక్రం తిప్పండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ము వంకర. ఒకటిన్నర మి.మీ. కంటే ఎక్కువ ఊగితే ఆ రిమ్ముని బ్యాలెన్స్ చేయించి లాభం లేదు, వెనక్కి వేసేయండి లేదా మార్చేయండి. బండి నెలల తరబడి ఒకేచోట నిలబెట్టి ఉంటే టైరుకి కింద చదును పడుతుంది, పాత నైలాన్ టైర్లకి ఇది మరీ ఎక్కువ. ముందు రెండూ ఒకే రకం టైర్లు ఉండాలి, ఒకటి రేడియల్ ఒకటి నైలాన్ అస్సలు వద్దు. ఇంకో చిన్న పరీక్ష, ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్చి అదే రోడ్డు మీద తోలి చూడండి, వణుకు మారితే దారి దొరికినట్టే.

కింద పడుకుని చేయాల్సిన పని

ఇది కాస్త ఓపిగ్గా చేయాలి, మొత్తం వ్యవహారం ఇక్కడే ఉంది. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. ఒకళ్ళు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని చిన్నగా, గడియారంలో 11కీ 1కీ మధ్య అటూ ఇటూ ఊపుతూ ఉండాలి, మీరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి వేయాలి. కళ్ళతో చూస్తే చాలదు. బాల్ జాయింటు డొప్ప, దానిలో దూరిన పిన్ను, ఈ రెండూ కలిసే చోట వేలి కొనని రెండిటి మీదా పడేలా ఆనించండి. జాయింటు బాగుంటే రెండూ కలిసి కదులుతాయి, వేలికి ఏమీ తెలీదు. అరిగి ఉంటే ఒకటి ముందు కదిలి రెండోది ఆలస్యంగా వస్తుంది, వేలి కింద చిన్న "టిక్" తగులుతుంది, ఒకసారి ఆ టిక్ తెలిస్తే ఇంక ఎప్పుడూ మర్చిపోరు. డ్రాప్ ఆర్మ్ నుంచి మొదలుపెట్టి డ్రాగ్ లింకు (డ్రాప్ ఆర్మ్ తోపుని చక్రాల వైపు తీసుకెళ్ళే కడ్డీ) రెండు కొసలు, బెల్ క్రాంక్ (మధ్యలో ఆ తోపుని దారి మళ్ళించే లివర్) ఉన్న బండైతే దాని పిన్ను, ఆ పిన్నుని పట్టుకున్న బ్రాకెట్టు, తర్వాత టై రాడ్ ఎండ్లు, ఇలా వరసగా రండి. బెల్ క్రాంక్ దగ్గర ఎక్కువ శ్రద్ధ పెట్టండి, టై రాడ్ ఎండ్లన్నీ కొత్తవి వేసి దీన్ని వదిలేసేవాళ్ళు చాలామంది, అక్కడ ఒక చిన్న వదులు ఉంటే చక్రం దగ్గరికి వచ్చేసరికి పెద్దదైపోతుంది.

అదే సమయంలో బాక్సు వైపు కూడా ఒక కన్నేయండి. స్టీరింగ్ ఊపుతున్నప్పుడు బాక్సు మొత్తం ఛాసిస్ మీద కదులుతోందా, లేక బాక్సుతో పాటు ఛాసిస్ రేకే ఊపిరి పీల్చినట్టు ఆడుతోందా చూడండి. రెండోది అయితే బోల్టు రంధ్రాల చుట్టూ పెయింటు గీకి చూడండి, సన్నటి పగులు కనపడొచ్చు.

తర్వాత ముందు చక్రం లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికి బయటికి ఊపండి. ఆడుతోంది సరే, వీల్ బేరింగా కింగ్ పిన్నా? ఒకళ్ళని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే వీల్ బేరింగ్. తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్ బేరింగులు. వీల్ బేరింగ్ అయితే చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కొద్దిగా, అంటే ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి లాక్ చేయాలి. కింగ్ పిన్ అయితే పైనా కిందా ఉండే సన్నటి షిమ్ములు (సందు సర్దే రేకు ముక్కలు) తీసి ప్రీలోడ్ (బేరింగుకి ముందే ఇచ్చే బిగువు) పెట్టాలి, నకుల్ (కింగ్ పిన్ మీద తిరిగే, చక్రాన్ని మోసే ముక్క) చేత్తో తిప్పితే తిరగాలి కానీ కాస్త బరువుగా తిరగాలి, గాలికి ఊగే తలుపులా వదులుగా తిరిగితే షిమ్మీకి పిలుపే. షిమ్ములు తీసి చూసేటప్పుడు నకుల్ వెనకాల ఉండే ఫెల్ట్ సీల్ విప్పి చూడండి, లేకపోతే సీల్ పట్టు వల్ల వచ్చే బరువుని ప్రీలోడ్ అనుకుని మోసపోతారు. బేరింగు కప్పుల్లో రోలర్ల ముద్రలు పడి ఉంటే షిమ్ముతో లాభం లేదు, కొత్త సెట్టు వేయాల్సిందే.

కమాన్ బుష్షులు, షాకిల్ (కమాన్ కొసని ఛాసిస్‌కి తగిలించే ముక్క) పిన్నులు, యూ బోల్టులు కూడా ఇదే వరసలో. యూ బోల్టు వదులైతే యాక్సిల్ కమాన్ కట్ట మీద జారుతుంది, అలైన్‌మెంట్ షాపు వాడు ఏం చేసినా నిలవదు.

టో, క్యాస్టర్

విల్లీస్ సీజే మాన్యువల్లో ఇచ్చిన లెక్కలు: క్యాస్టర్ 3 డిగ్రీలు, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పై వైపు బయటికి వాలడం) ఒకటిన్నర డిగ్రీ, టో ఇన్ (రెండు చక్రాలూ ముందు వైపు కాస్త దగ్గరగా ఉండటం) అంగుళంలో 64కి 3 నుంచి 32కి 3 వంతులు, అంటే సుమారు 1.2 నుంచి 2.4 మి.మీ. కంప్యూటర్ అలైన్‌మెంట్ షాపులో మీ బండి లిస్టులో ఉండకపోవచ్చు, కాబట్టి ఈ నంబర్లు కాగితం మీద రాసుకెళ్ళి చేతికివ్వండి.

టో ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు చక్రం లేపి, తిప్పుతూ టైరు మధ్యలో సుద్దముక్కతో పట్టీలాగా పూయండి, తర్వాత ఒక మేకుని చెక్కకి కొట్టి నేల మీద కదలకుండా పెట్టి, దాని మొన సుద్ద మీద ఆనించి చక్రం ఇంకో చుట్టు తిప్పండి, సన్నటి గీత పడుతుంది. రెండు చక్రాలకీ ఇలా చేసి బండి దింపి, ముందుకి నాలుగడుగులు తోసి ఆపండి, వెనక్కి తోయకండి, తోస్తే జాయింట్ల వదులు ఇంకో వైపు పోతుంది. ఇప్పుడు టేపుతో గీత నుంచి గీతకి ముందు వైపు కొలవండి, వెనక వైపూ అదే ఎత్తులో కొలవండి. మధ్యలో ఇంజన్ సంపు, యాక్సిల్ గుండు అడ్డొస్తాయి కాబట్టి హబ్ ఎత్తులో కుదరదు, ఎంత ఎత్తు కుదిరితే అంత, రెండు వైపులా ఒకటే అయితే చాలు. ముందు కొలత వెనకదానికంటే 2 మి.మీ. దాకా తక్కువ ఉండాలి. ముందు వైపు ఎక్కువ వచ్చిందంటే టో అవుట్, జీపు రోడ్డు మీద పాములా పోతుంది.

క్యాస్టర్ అంటే కింగ్ పిన్ గీత పై కొస వెనక్కి వాలి ఉండటం, చక్రం తనంతట తాను తిన్నగా అయ్యేది దీనివల్లే. పాత బళ్ళలో దీన్ని తక్కువ పెట్టేవాళ్ళు, ఎక్కువ పెడితే చేత్తో తిప్పడం బరువు. పవర్ వేశాక ఆ బరువు బాధ ఉండదు కాబట్టి 4, 5 డిగ్రీల దాకా వెళ్ళొచ్చు, పవర్ వేసిన జీపులు వంపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రావట్లేదు అని ఏడ్చేది ఎక్కువగా ఇది పెంచకపోవడం వల్లే. పెంచడానికి కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ముక్క పెడతారు, అల్యూమినియం ముక్క పగులుతుంది, ఇనుపదే చేయించండి. అలాగని 8, 9కి పోతే అదే మళ్ళీ షిమ్మీ పుట్టిస్తుంది, పైగా ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చెడి ఫోర్ వీల్ వేసినప్పుడు వేరే వణుకు మొదలవుతుంది. బండి ఎత్తు పెంచడానికి పొడుగు షాకిళ్ళు వేసుంటే క్యాస్టర్ ఇప్పటికే తగ్గిపోయి ఉంటుంది, అది ముందు కొలవండి.

ఇక్కడి దాకా చేసి పాత స్టీరింగ్‌తో తోలి చూడండి. చాలా బళ్ళలో వణుకు ఇక్కడే పోతుంది.

ఇప్పుడు బాక్సు

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వేరే బళ్ళవి వాడిన పవర్ బాక్సులు దొరుకుతాయి, జీపులకి ఎక్కువగా వేసేవి అవే. కొనేటప్పుడు పంపు, ట్యాంకు, హోసులు అదే బండివి కలిపి తీసుకోండి, ఒక బండి పంపు ఇంకో బండి బాక్సు అయితే ఆయిల్ ఫ్లో తేడా వచ్చి స్టీరింగ్ మరీ తేలికై హైవే మీద చెయ్యి ఆనిస్తేనే బండి పక్కకి పోతుంది. బాక్సు చేతిలో పట్టుకుని షాఫ్టు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి, అందులో సగం దగ్గరికి తెస్తే అదే సెంటర్. మంచి బాక్సుకి ఆ సెంటర్ దగ్గర వేలికి తెలిసేంత చిన్న పట్టు ఉంటుంది. సెంటర్లో లొడలొడ, చివర్లో బిగువు ఉంటే అది అరిగిపోయినట్టే, పైన స్క్రూ బిగించి సర్దుతాను అంటాడు షాపు వాడు, ఒప్పుకోకండి, అలా బిగిస్తే తిప్పినప్పుడు పట్టేస్తుంది.

బండికి పెట్టేటప్పుడు ఈ సెంటరూ, చక్రాలు తిన్నగా ఉండటమూ ఒకటే కావాలి. స్టీరింగ్ చక్రం వంకరగా ఉంది కదా అని డ్రాప్ ఆర్మ్ ఒక పన్ను పక్కకి వేసేస్తుంటారు, అప్పుడు తిన్నగా పోయేటప్పుడు బాక్సు తన వదులు ఉన్న చోట పని చేస్తుంది, వణుకు కొత్తగా మీరే కొని తెచ్చుకున్నట్టు. డ్రాగ్ లింకు పొడవు సర్ది చక్రాలు తిన్నగా తేవాలి. వెల్డింగ్ కంటే ముందు ఇంకొకటి, బాక్సుని ఊరికే క్లాంపులతో పట్టించి స్టీరింగ్ ఎడమకి తిప్పి చక్రాలు ఎడమకే పోతున్నాయా చూడండి, నవ్వొస్తుంది గానీ బాక్సు తిరగేసి పెట్టినప్పుడు కుడికి పోయే బళ్ళున్నాయి.

ఛాసిస్ డబ్బా ఛానెల్ అయితే బోల్టులు ఊరికే ఆరపార దూర్చి బిగిస్తే ఛానెల్ నొక్కుకుపోతుంది, నాలుగు రోజులకి బోల్టు వదులు. రంధ్రంలో మందపాటి పైపు ముక్క పెట్టి దానిలోంచి బోల్టు పోవాలి, బయట ప్లేటు వేయాలి, ప్లేటు కొసలు నిలువు గీతలా కాకుండా ఏటవాలుగా కోయించి వెల్డ్ చేయిస్తే పగులు రాదు. డ్రాప్ ఆర్మ్‌ని మాత్రం ఎర్రగా కాల్చి వంచనివ్వకండి, డ్రాగ్ లింకు మధ్యలో కోసి అతికించనివ్వకండి, ఇది బేరం లేని విషయం, ఆ ముక్క విరిగితే బండికి స్టీరింగే ఉండదు.

ఒక్క హెచ్చరిక ఇక్కడే. మీ జీపు 50 ఏళ్ళు దాటినదైతే, 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల రూల్స్ ప్రకారం వీఏ సిరీస్ నంబర్ తీసుకునే ఆలోచన ఉంటే, ఛాసిస్, బాడీ, ఇంజన్లో మార్పులు చేసి ఉండకూడదు. ఛాసిస్ మీద కోతలు, వెల్డింగులు మొదలుపెట్టే ముందు అది తేల్చుకోండి. అలాంటి బండికి నా ఓటు పాత స్టీరింగ్‌నే బాగు చేయించుకోవడానికి.

డ్రాగ్ లింకు పడే కోణం చూడండి. బెల్ క్రాంక్ తీసేసి ఒకటే పొడుగు టై రాడ్ వేసి, బాక్సు నుంచి అడ్డంగా డ్రాగ్ లింకు ఇచ్చే పద్ధతిలో, బండి తన బరువు మీద నిలబడి ఉన్నప్పుడు డ్రాగ్ లింకు, టై రాడ్డు ముందు నుంచి చూస్తే దాదాపు సమాంతరంగా ఉండాలి. డ్రాగ్ లింకు నిటారుగా దిగుతుంటే ప్రతి గతుక్కీ కమాన్ నొక్కుకున్నప్పుడల్లా స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. ఎత్తు పెంచిన బళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి.

కాలమ్ నుంచి బాక్సుకి వెళ్ళే షాఫ్టులో రెండు క్రాసులు (కోణంలోనూ తిరిగే యూనివర్సల్ జాయింట్లు) ఉంటే వాటి చెవులు ఒకే వరసలో ఉండాలి, రెండు కోణాలూ సుమారు ఒకేలా ఉండాలి, ఒక్కోటి 30 డిగ్రీలు దాటకూడదు. వరస తప్పితే స్టీరింగ్ ఒక చుట్టులోనే రెండుసార్లు బిగువు రెండుసార్లు వదులు అవుతుంది, దాన్ని జనం బాక్సు ప్రాబ్లం అనుకుంటారు. మూడో క్రాసు తప్పకపోతే మధ్యలో షాఫ్టుకి ఒక సపోర్ట్ బేరింగ్ ఉండి తీరాలి.

పంపు, ఆయిల్

డీజిల్ జీపులో పంపు బ్రాకెట్టు సన్నటి రేకుతో చేస్తే ఇంజన్‌తో పాటు ఊగుతుంది, బెల్టు జారుతుంది, నిలబెట్టి తిప్పినప్పుడు స్టీరింగ్ గరగరమంటూ అదురుతుంది. మందం ప్లేటు, రెండు చోట్ల పట్టు, పుల్లీలు రెండూ ఒకే గీతలో, ఇంతే. పంపు నుంచి బాక్సుకి మొత్తం గట్టి పైపు వేయకండి, ఇంజన్ ఊగుడు అంతా ఆ పైపులోంచి స్టీరింగ్‌కి వస్తుంది, ఆఖరికి పైపు కూడా పగులుతుంది. మధ్యలో ప్రెషర్ హోసు ఉండాలి, సైలెన్సర్ పైపుకి దూరంగా.

గాలి తీయడం: ముందు చక్రాలు లేపి, ఇంజన్ ఆపే ఉంచి, ట్యాంకు నింపి స్టీరింగ్ మెల్లగా ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పుతూ ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండండి, బుడగలు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేయండి. ఆయిల్ మజ్జిగ రంగులో నురగ కడితే గాలి ఉన్నట్టే, ఆపి కాసేపు వదిలేసి మళ్ళీ మొదలు. చివరి కొసకి తిప్పి 5 సెకన్ల కంటే ఎక్కువ పట్టి ఉంచకండి, పంపు కాలిపోతుంది. నకుల్ దగ్గర ఉండే స్టాపర్ బోల్టు, బాక్సు లోపలి ఆఖరు కంటే ముందే తగిలేలా సర్దండి.

డ్యాంపర్ ఆఖర్న

స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపుని మింగే చిన్న షాక్ అబ్సార్బర్) మంచి సామానే, నేనూ వద్దనను, కానీ అది లేకుండా 60లో గతుకు దాటి బండి తిన్నగా పోయాకే వేయండి. ముందే వేస్తే ఎక్కడో ఊడబోతున్న జాయింటుని అది దాచిపెడుతుంది. ఖాళీ రోడ్డు చూసుకుని 20, 40, 50, 60 అలా మెట్టు మెట్టుగా పోయి చూడండి, 40లోనే మొదలైతే 60కి పోవద్దు, వెనక్కొచ్చి మళ్ళీ కింద పడుకుని వేలు పెట్టి చూడటమే.

అంతా బాగుంటే మొదటి వంద కిలోమీటర్లు కాగానే బాక్సు బోల్టులు, డ్రాప్ ఆర్మ్ నట్టు, యూ బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించండి, బిగించాక ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీయించండి, తర్వాత సర్వీసుకి వెళ్ళినప్పుడు గీత తప్పిందో లేదో చూస్తే చాలు. స్ప్లిట్ పిన్నులు మాత్రం పాతవి మళ్ళీ వాడకండి.